నేర్చుకునేవారు ఎక్కడ ఆగిపోతున్నారు? ఆన్‌లైన్ ప్రోగ్రామింగ్ పాఠాల తయారీపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

తెలుగులో ప్రోగ్రామింగ్ నేర్పే వీడియోలు, రాతపూర్వక పాఠాలు తయారుచేస్తున్న పాఠకులు చాలామంది ఈ మధ్య ఒకే సందేహంతో ఉత్తరాలు రాస్తున్నారు. చూసేవారు, చదివేవారు చెప్పే అభిప్రాయాలను తరువాతి పాఠాల ప్రణాళికకు ఎలా వాడుకోవాలన్నదే ఆ సందేహం. వాటిలో కొన్నింటిని ఎంచుకుని, పంపినవారి పేర్లు లేకుండా, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను గుంటూరులో ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడిని. తీరిక దొరికినప్పుడు పైథాన్ పాఠాలను తెలుగులో వీడియోలుగా చేసి యూట్యూబ్‌లో పెడుతున్నాను. ఏ వీడియో కింద చూసినా 'జాంగో ఎప్పుడు మొదలుపెడతారు సార్', 'మెషిన్ లెర్నింగ్ చెప్పండి అన్నా' అనే కామెంట్లే ఎక్కువ. వారి మాట విని ముందుకు వెళ్దామంటే, లూపులు, ఫంక్షన్ల పాఠాలకు వచ్చేసరికే చూసేవారు సగానికి సగం తగ్గిపోతున్నారు. ప్రేక్షకులు అడిగినదే తరువాతి పాఠంగా పెట్టాలా, లేక నా సిలబస్ ప్రకారమే పోవాలా?

సమాధానం: మీకు అందుతున్న కామెంట్లలో ఉన్నది కోరిక, మీ వీడియోల అంకెల్లో కనిపిస్తున్నది ఇబ్బంది. ప్రణాళిక వేసుకునేటప్పుడు ఈ రెండింటినీ విడివిడిగా రాసుకోవడం మంచిది. పైథాన్‌తో వెబ్‌సైట్లు తయారుచేయడానికి వాడే జాంగో కావాలని అడిగే విద్యార్థి తాను ఎలాంటి ఉద్యోగం కోసం చూస్తున్నాడో, ఏ ప్రకటనలో ఏ పేరు చదివాడో చెబుతున్నాడు. అది విలువైన సమాచారమే. అయితే వచ్చే వారం ఏ పాఠం చదివితే అతను ఒక అడుగు ముందుకు వేస్తాడో అందులో ఉండదు, ఎందుకంటే తనకు ఏది అడ్డుపడుతున్నదో పేరు పెట్టి చెప్పగలిగే స్థితికి అతను ఇంకా రాలేదు. అలా చెప్పగలిగినవాడు సగం నేర్చుకున్నట్టే. కాబట్టి ఏం కావాలో వారిని తప్పక అడగండి, కానీ ఇప్పుడు ఏది అవసరమో వారు ఆగిన చోటును చూసి మీరే నిర్ణయించండి.

ఆగిన చోటును కనిపెట్టడానికి మీ చేతిలో ఉన్న సాధనాలు తక్కువేమీ కావు. యూట్యూబ్ స్టూడియోలో ప్రతి వీడియోకూ, ఏ క్షణం దగ్గర ఎంతమంది నిలిచి ఉన్నారో చూపే గీత ఒకటి ఉంటుంది. సాధారణంగా అది మొదటి అర నిమిషంలో బాగా పడిపోయి, తరువాత నెమ్మదిగా దిగుతూ వస్తుంది. ఆ తొలి పతనాన్ని చూసి పాఠం కష్టంగా ఉందనుకోనక్కర లేదు. తాము వెతుకుతున్నది ఇది కాదని తెలుసుకుని వెళ్ళిపోయేవారు అందులో ఎక్కువగా ఉంటారు. మీరు చూడవలసింది మధ్యలో వచ్చే గుంటలు, మిట్టలు. గుంట ఉన్నచోట దాటవేశారు. మిట్ట ఉన్నచోట వెనక్కి జరిపి మళ్ళీ చూశారు. మళ్ళీ చూశారంటే ఆ భాగం ఎంతో ఉపయోగపడి ఉండవచ్చు, లేదా ఒక్కసారి వింటే అర్థం కాకపోయి ఉండవచ్చు. ఆ తేడాను గీత చెప్పదు. ఆ నిమిషం దగ్గర వీడియో తెరిచి, తెరమీద ఏముందో, మీరు ఏం మాట్లాడుతున్నారో చూసి, అదే చోటు గురించి వచ్చిన కామెంట్లతో కలిపి చదివితేనే తెలుస్తుంది.

రెండు సంఖ్యలు అడిగి వాటి మొత్తం చూపే ప్రోగ్రాంనే తీసుకోండి. దాదాపు ప్రతి పైథాన్ శిక్షణలోనూ ఇది తొలి పాఠాల్లోనే వస్తుంది. విద్యార్థి దాన్ని సొంతంగా రాసి, ఒకదానికి 10 అని, రెండోదానికి 20 అని ఇస్తాడు. 30 రావలసిన చోట 1020 వస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, ఏ పంక్తిలో తప్పుందో చూపే సందేశమూ ఉండదు, కంప్యూటర్ తన పని తాను సక్రమంగా చేసినట్టే ఉంటుంది. పైథాన్ 3లో ఇన్‌పుట్ ఫంక్షన్ మనం ఏది టైపు చేసినా అక్షరాల వరుసగానే అందిస్తుందని, రెండు అక్షరాల వరుసల మధ్య కూడిక గుర్తు పెడితే వాటిని పక్కపక్కన చేరుస్తుందని తెలిసినవారికి ఇందులో వింత లేదు. తెలియనివారికి కంప్యూటర్‌కే కూడిక రాదేమో అన్నట్టు ఉంటుంది. వీడియోల్లో ఈ చోటికి వచ్చేసరికి చాలామంది అధ్యాపకులు 'ఇన్‌పుట్ చుట్టూ ఇంట్ పెట్టుకోవాలి' అని, అంటే టైపు చేసినదాన్ని సంఖ్యగా మార్చుకోవాలని, ఒక్క ముక్క చెప్పి, అలవాటైన వేళ్ళతో టకటకా కొట్టేసి ముందుకు వెళ్ళిపోతారు. గీతలో మిట్ట కనిపించేది ఇలాంటి చోటే. కింద 'సార్ నాకు 1020 వస్తోంది' అనే కామెంటు ఉంటే సందేహం తీరినట్టే.

దీనికి మొదట తోచే పరిష్కారం డేటా రకాల మార్పిడి మీద ప్రత్యేకంగా ఇంకో వీడియో చేయడం. నా దృష్టిలో అది అనవసర శ్రమ. ఇబ్బంది పడిన విద్యార్థి ఆ కొత్త వీడియో దాకా రాకుండానే ఆగిపోతాడు. ఉన్న పాఠంలోనే క్రమం మార్చండి. ఇంట్ లేకుండా ముందు ప్రోగ్రాంను నడిపి 1020ని తెరమీద అలాగే ఉంచి, ఎందుకిలా వచ్చిందో వీడియో ఆపి ఊహించమనండి. తరువాత ఆ రెండు విలువలూ ఏ రకానికి చెందినవో టైప్ ఫంక్షన్‌తో చూపించి, చివర ఇంట్ దగ్గరికి రండి. సమాచారం అదే, నిడివి రెండు మూడు నిమిషాలు పెరుగుతుందేమో, కానీ విద్యార్థికి తానుగా ఎదురయ్యే ఇబ్బంది పాఠంలో ముందే వచ్చేస్తుంది.

ఇక, ఒకే పనిని పదే పదే చేయించే లూపుల దగ్గర చూసేవారు తగ్గడానికి కారణం లూపుల పాఠంలోనే ఉండనక్కర లేదు. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడంలో ఎదురయ్యే కష్టాల మీద పరిశోధకుడు బెనెడిక్ట్ డు బూలే 1986లో రాసిన వ్యాసంలో, విలువను దాచుకునే పేరైన వేరియబుల్‌ను పెట్టెగా చెబితే అందులో ఒకేసారి చాలా విలువలు ఉంటాయని విద్యార్థులు అనుకునే ప్రమాదం ఉందని హెచ్చరించాడు. కొత్త విలువ రాగానే పాతది పోతుందన్న సంగతి స్పష్టంగా తెలియనివారికి, లూపులో ప్రతి చుట్టుకూ మొత్తం ఎలా మారుతున్నదో అంతుపట్టదు. వారు లూపు అర్థం కాలేదంటారు. లోపం అంతకు ముందు పాఠాల్లో ఉంటుంది. అందుకే లూపుల పాఠాన్ని తిరగరాయడానికి ముందు, వేరియబుల్‌కు వరుసగా రెండు విలువలిచ్చి చివర ఏది ముద్రితమవుతుందో అడిగే చిన్న ప్రశ్నను వేరియబుళ్ళ పాఠం చివర పెట్టి చూడండి. ఎక్కువమంది తప్పు చెబితే మీరు సరిదిద్దవలసిన పాఠం ఏదో తేలిపోతుంది.

కామెంట్లు పనికొచ్చే రూపంలో రావాలంటే వాటికి ఒక చోటు చూపించాలి. ఐఐటీ బాంబేలో మొదలైన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో చిన్న చిన్న వీడియో పాఠాలను తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లోకి డబ్బింగ్ చేశారు. అక్కడ సందేహం అడిగేవారు పాఠం పేరుతో పాటు ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అన్నదీ ఎంచుకుంటారు. నేను చూసినంతలో ఇంతకన్నా సులువైన, ఇంతకన్నా ప్రయోజనకరమైన ఏర్పాటు లేదు. మీరు యూట్యూబ్‌లోనూ దీన్ని అనుసరించవచ్చు: కామెంటులో 4:35 అని రాస్తే అదే లింకుగా మారి ఆ క్షణానికి తీసుకువెళుతుంది. ప్రతి వీడియో చివర 'అర్థం కాని చోటు సమయాన్ని, మీరు రాసిన కోడ్‌ను, మీకు వచ్చిన అవుట్‌పుట్‌ను పెట్టండి' అని అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా. ఏం పెట్టాలో చెప్పనంత కాలం 'సూపర్ సార్', 'నెక్స్ట్ పార్ట్ ప్లీజ్' తప్ప మరొకటి రాదు.

జాంగో కోరికను మాత్రం పక్కన పడేయకండి. దాన్ని పాఠ్యక్రమానికి కాకుండా ఉదాహరణల ఎంపికకు వాడండి. వెబ్‌సైట్లు చేయాలనుకునే విద్యార్థులకు 1 నుంచి 10 వరకు అంకెలు ముద్రించే లూపు చప్పగా ఉంటుంది. నమోదు చేసుకున్నవారి జాబితాలోంచి ఒక్కొక్క పేరు తీసి పలకరించే లూపు, పాస్‌వర్డు పొడవు సరిపోయిందో లేదో తేల్చే ఫంక్షన్ ఇస్తే, నేర్చుకునేది పునాదే అయినా తాము కోరిన దారిలోనే నడుస్తున్నామని వారికి తెలుస్తుంది.

ప్రశ్న: విశాఖపట్నంలో చిన్న శిక్షణ కేంద్రం నడుపుతున్నాను, ఇప్పుడు తరగతులన్నీ ఆన్‌లైన్‌లోనే. కోర్సు చివర అభిప్రాయ సేకరణ ఫారం నింపిస్తాము. దాదాపు అందరూ 5కు 5 ఇస్తారు, 'చాలా బాగా చెప్పారు మేడమ్' అని రాస్తారు. అయినా ప్రతి బ్యాచ్‌లోనూ మధ్యలో మానేసేవారు మానేస్తూనే ఉన్నారు. ఈ ఫారంను ఎలా మార్చాలి?

సమాధానం: కోర్సు చివర ఫారం నింపేవారు కోర్సు చివరిదాకా ఉన్నవారే. మీరు ఎవరి కోసం ఆందోళన పడుతున్నారో వారు ఆ ఫారం దగ్గరికి రానేలేదు. ఉన్నవారు కూడా, పాఠం చెప్పిన మనిషికి తక్కువ మార్కులు వేయడం మర్యాద కాదనుకునే ఇళ్ళలోంచి వచ్చినవారు. పేరు రాయించుకునే ఫారంలో వారి నుంచి నిష్ఠూరం ఆశించలేము.

మర్యాద సంగతి అలా ఉంచి, నిజాయితీగా ఇచ్చిన మార్కులను కూడా నేర్చుకున్నదానికి కొలతగా తీసుకోకూడదు. 2017లో పరిశోధకుడు బాబ్ ఉట్ల్, ఆయన సహచరులు అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి మళ్ళీ విశ్లేషించి, విద్యార్థులు అధ్యాపకులకు ఇచ్చే మార్కులకూ ఆ విద్యార్థులు నేర్చుకున్నదానికీ సంబంధం లేదని తేల్చారు. 2019లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో లూయీ డెలారియే బృందం భౌతికశాస్త్రం తరగతుల్లో చేసిన పరిశీలన ఇంకా ఆలోచింపజేసేది. ఒకే విషయాన్ని కొందరు అనుభవజ్ఞుడైన అధ్యాపకుడి ఉపన్యాసం ద్వారా విన్నారు, మరికొందరు సమస్యలు తామే సాధిస్తూ నేర్చుకున్నారు. పరీక్ష పెడితే రెండో పద్ధతిలో నేర్చుకున్నవారికే ఎక్కువ వచ్చింది. ఎంత నేర్చుకున్నారని అడిగితే మాత్రం ఉపన్యాసం విన్నవారే ఎక్కువ నేర్చుకున్నామని చెప్పారు. కష్టపడి నేర్చుకుంటున్నప్పుడు మనకు ఏమీ రావడం లేదన్న భావన కలగడం సహజం. ప్రోగ్రామింగ్‌కు ఇది మరీ వర్తిస్తుందని నేననుకుంటాను, ఎందుకంటే ఇందులో చేతులు పెట్టిన ప్రతిసారీ ఎర్రర్ వస్తుంది. మీ ఫారంలో మార్కులు పెంచుకోవడమే లక్ష్యంగా పాఠాలు దిద్దుకుంటే, అభ్యాసాలు తగ్గించి ఉపన్యాసం నున్నగా చేసే వైపు మీకు తెలియకుండానే జరిగిపోతారు.

కాబట్టి 'పాఠం ఎలా ఉంది' అన్న ప్రశ్నను చాలావరకు తీసేయండి. దాని స్థానంలో ఆరు పంక్తుల కోడ్ ఇచ్చి అవుట్‌పుట్ ఏమిటో రాయమనండి. తప్పు ఎంపికలను మీరు ఊహించి రాయకండి, మొదటి బ్యాచ్ విద్యార్థులు నిజంగా రాసిన తప్పు సమాధానాలనే తరువాతి బ్యాచ్‌కు ఎంపికలుగా ఇవ్వండి. ఎవరు ఏ తప్పును ఎంచుకున్నారన్నది ఏ అభిప్రాయం కన్నా స్పష్టంగా మాట్లాడుతుంది. విలువను తిరిగి ఇచ్చే రిటర్న్ రాయవలసిన చోట, దాన్ని తెరమీద చూపడమే చేసే ప్రింట్ రాసి, విలువ తెరమీద కనిపించింది కాబట్టి ఫంక్షన్ దాన్ని తిరిగి ఇచ్చిందనుకునే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వారు మీకు 5కు 5 ఇచ్చే ఉంటారు.

అభిప్రాయం అడగాలనుకున్నప్పుడు పద్ధతి మార్చండి. శాస్త్రవేత్తలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి 1998లో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ శిక్షణల్లో, ఒక పూట ముగిసేటప్పుడు విద్యార్థులు వరుసగా ఒకరు నచ్చినది, తరువాతివారు నచ్చనిది చెబుతారు. ముందువారు చెప్పినదాన్ని మళ్ళీ చెప్పకూడదు. తన వంతుకు నచ్చనిదే చెప్పాలన్న నియమం ఉన్నప్పుడు అది అమర్యాద అనిపించుకోదు. మన తరగతులకు ఇది చక్కగా సరిపోతుంది. అదే శిక్షణల్లో విద్యార్థులకు రెండు రంగుల అంటుకాగితాలు ఇస్తారు. పని పూర్తయితే ఒక రంగు, ఇబ్బందిలో ఉంటే మరో రంగు కాగితాన్ని ల్యాప్‌టాప్‌కు అంటించుకుంటారు. ఆన్‌లైన్ తరగతిలో చాట్ పెట్టెలో 1 లేదా 2 అని టైపు చేయించడంతో ఆ పని జరుగుతుంది, పైగా ఏ అభ్యాసం దగ్గర ఎన్ని 2లు వచ్చాయో తరువాత లెక్క చూసుకోవచ్చు.

మానేసినవారికి ఫోన్ చేయండి. 'ఎందుకు మానేశారు' అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు 'టైం కుదరలేదండీ' అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది, దానితో సంభాషణ ముగుస్తుంది. 'చివరిసారి పాఠం తెరిచినప్పుడు ఏం చేస్తున్నారు, తెరమీద ఏముంది' అని అడిగితే, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అవలేదనో, రెండు రోజులు తరగతికి రాకపోతే మళ్ళీ అందుకోలేకపోయాననో, అభ్యాసం చేయకుండా తరగతికి రావడానికి సిగ్గేసిందనో అసలు సంగతి బయటికి వస్తుంది. ఈ మూడింటికీ మూడు వేర్వేరు మార్పులు అవసరమవుతాయి.

ప్రశ్న: ఆదిలాబాద్ జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడిని. నా పాఠాలు చదివేవారు వేలల్లో లేరు, పదుల్లోనే ఉన్నారు. ఇంత తక్కువమంది అభిప్రాయాన్ని నమ్మి పాఠాలు మార్చవచ్చా?

సమాధానం: మార్చవచ్చు. వెబ్‌సైట్లు వాడటంలో ఎదురయ్యే లోపాలను పట్టుకోవడానికి 5 మందితో పరీక్షిస్తే చాలావరకు సరిపోతుందని, వెబ్‌సైట్ల వాడుక సౌలభ్యంపై నిపుణుడైన జేకబ్ నీల్సన్ 2000లో వాదించాడు. ఆ మాట లోపాలు కనిపెట్టడానికే వర్తిస్తుంది. ఎంత శాతం మందికి ఆ ఇబ్బంది ఉందో చెప్పడానికి 5 మంది చాలరు. మీకు ప్రస్తుతం కావలసింది మొదటిదే. ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని, మనసులో అనుకుంటున్నది పైకి చెబుతూ పాఠం చేయమనండి. అందించబోకుండా ఉండటం ఉపాధ్యాయులకు చాలా కష్టం, కానీ నోరు మెదపకుండా చూడండి. ముగ్గురు ఒకే వాక్యం దగ్గర వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివితే, నాలుగోవాడి కోసం ఎదురుచూడకుండా ఆ వాక్యాన్ని తిరగరాయండి. వేల మంది చూసే వీడియోలు చేసేవారికి ఈ అవకాశం లేదు.

ప్రశ్న: టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వారాంతాల్లో మా ఊరి చుట్టుపక్కల కళాశాలల విద్యార్థులకు ఆన్‌లైన్‌లో పైథాన్ చెబుతూ, ఆ రికార్డింగులనే పాఠాలుగా పెడుతున్నాను. అభిప్రాయాలు అడిగితే కొందరు 'చాలా స్పీడ్‌గా వెళ్తున్నారు' అంటారు, కొందరు 'చాలా స్లో' అంటారు. మధ్యస్థంగా ఉండాలని ప్రయత్నిస్తే ఇద్దరికీ నచ్చడం లేదు.

సమాధానం: రెండు వ్యతిరేక అభిప్రాయాల సగటు ఎవరి అవసరమూ తీర్చదు. ముందు ఎవరు ఏది అంటున్నారో విడదీయండి. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలోనే సీ భాష చదివినవారు, బీకాం చదువుతూ తొలిసారి కోడ్ చూస్తున్నవారు మీ తరగతిలో కలిసే ఉంటారు. చేరేటప్పుడే 'ఇంతకుముందు ఏదైనా భాషలో లూపు రాశారా' అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, ఇప్పుడు వచ్చిన అభిప్రాయాలను రెండు కుప్పలుగా పెట్టి చదువుకోగలిగేవారు. ఇప్పటికైనా అడగవచ్చు.

విడదీశాక 'స్పీడ్' అన్న మాట వెనుక ఏముందో చూడండి. మీరు వేగంగా మాట్లాడటం అరుదుగా కారణమవుతుంది. ప్రోగ్రాం రాసేసి, దాన్ని ఏ ఫైలుగా దాచారో, ఎక్కడి నుంచి నడిపారో చూపకుండా అవుట్‌పుట్ దగ్గరికి వెళ్ళిపోవడం, తెరమీది కోడ్‌ను పైకి జరిపేయడం, తప్పు వస్తే చటుక్కున సరిదిద్ది ఏం సరిదిద్దారో చెప్పకపోవడం వంటివే విద్యార్థికి వేగంగా తోస్తాయి. నెమ్మదిగా ఉందనుకునేవారు వీడియోను ఒకటిన్నర రెట్ల వేగంతో చూసుకోగలరు. చూపించని మెట్టును మాత్రం ఎవరూ ఏ వేగంతోనూ చూడలేరు. అందువల్ల అనుమానం ఉన్నచోట వేగం ఎక్కువైందన్నవారి మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి.

తరగతి రికార్డింగును ఉన్నదున్నట్టుగా పాఠంగా పెట్టడం కూడా మానుకోవాలని నా సలహా. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికపై 4 కోర్సుల్లో నమోదైన 69 లక్షల వీక్షణలను ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ 2014లో విశ్లేషించినప్పుడు, వీడియో ఎంత పొడవున్నా చూసేవారు సాధారణంగా 6 నిమిషాలకు మించి నిలవడం లేదని తేలింది. గంటన్నర రికార్డింగును విషయాల వారీగా ముక్కలు చేస్తే, ముందే తెలిసినవారు తమకు అవసరం లేని ముక్కలను వదిలేస్తారు. వదిలేయడానికి అర్హత ఉందో లేదో వారే తేల్చుకునేలా ప్రతి ముక్క ముందూ, సరైన ప్రోగ్రాంలోని పంక్తులను కలగాపులగం చేసి ఇచ్చి వరుసలో పెట్టమనండి. న్యూజిలాండ్‌లో డేల్ పార్సన్స్, పట్రీషియా హాడెన్ 2006లో ఈ తరహా అభ్యాసాలను పరిచయం చేశారు. టైపు చేసే శ్రమ లేదు కాబట్టి త్వరగా అయిపోతాయి, ఏ పంక్తిని ఎక్కడ తప్పుగా పెట్టారో చూస్తే తరువాతి వారం దేని మీద ఆగాలో మీకు తెలుస్తుంది.

ప్రశ్న: నా పాఠాల కింద 'కోడ్ కనపడట్లేదు', 'నాకు రావట్లేదు' అని తప్ప వివరంగా ఎవరూ రాయరు. మాది కర్నూలు. చూసేవారిలో చాలామందికి కంప్యూటర్ లేదని విన్నాను. అది నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

సమాధానం: యూట్యూబ్ గణాంకాల్లో ఏ పరికరం మీద చూస్తున్నారన్న వివరం ఉంటుంది, చూడండి. చూసే పరికరం, కోడ్ రాసే పరికరం ఒకటి కాకపోవచ్చు కాబట్టి ఆ రెండో సంగతి విడిగా అడగండి. ఫోనులోనే రాస్తున్నారని తేలితే మారవలసింది అక్షరాల పరిమాణం ఒక్కటే కాదు. ఫోను కీబోర్డు వాక్యం మొదటి అక్షరాన్ని తానే పెద్దది చేస్తుంది. ప్రింట్ అన్న మాటలో మొదటి అక్షరం పెద్దదైతే పైథాన్ దాన్ని గుర్తించదు. వాట్సాప్‌లో కోడ్ పంపితే నక్షత్రం గుర్తు, అండర్‌స్కోర్ కొన్నిచోట్ల అక్షరాలను లావుగా, వాలుగా చూపే గుర్తులుగా మారి కనబడకుండా పోతాయి. వేరేచోట నుంచి తెచ్చి అతికించిన కోడ్‌లో కొటేషన్ గుర్తులు వంకరవై ఉంటే ప్రోగ్రాం నడవదు. చాలా కీబోర్డుల్లో ట్యాబ్ లేదు, పంక్తి మొదట్లో ఖాళీలు లెక్కపెట్టి కొట్టాలి, ఒక్కటి తగ్గితే ఇండెంటేషన్ ఎర్రర్. 'నాకు రావట్లేదు' అన్న రెండు మాటల వెనుక ఇవన్నీ ఉంటాయి. పాపం, ఆ విద్యార్థి తనకు బుర్ర లేదనుకుని ఊరుకుంటాడు.

ఈ ఇబ్బందులన్నీ కలిపి ఒక పాఠం చేసి వరుసలో మొదట పెట్టండి. బ్రౌజరులోనే కోడ్ నడిపే గూగుల్ కోల్యాబ్‌ను, ఆండ్రాయిడ్ ఫోనులో ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసే పైడ్రాయిడ్‌ను చూపించండి. వీడియోలో కోడ్ ఒకేసారి పది పన్నెండు పంక్తులకు మించకుండా, పక్కనున్న ఫైళ్ళ జాబితా మూసేసి, తెరంతా నిండేలా పెట్టండి. ప్రచురించే ముందు మీ వీడియోను మీ ఫోనులో, ఎండలో నిలబడి ఒకసారి చూడండి.

ప్రశ్న: కొన్నేళ్ళ కిందట చేసిన పాఠాలను ఎప్పుడు తిరిగి చేయాలి? అభిప్రాయాలను బట్టి తెలుస్తుందా?

సమాధానం: తెలుస్తుంది. ఒకే పాఠం కింద ఒకే ఎర్రర్ సందేశం కొత్తగా పదే పదే కనిపించడం మొదలైతే, తప్పు విద్యార్థులది కాకుండా పాఠానిదే అయ్యుండే అవకాశం ఎక్కువ. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో. పైథాన్ 2కు మద్దతు ఆగిపోయింది 2020 జనవరి 1న. ఆ మధ్యకాలంలో పాత పద్ధతిలో, ప్రింట్ తరువాత బ్రాకెట్లు లేకుండా చేసిన పాఠాలు చూసి నేటికీ కొత్తవారు టైపు చేసి ఎర్రర్ తెచ్చుకుంటున్నారు. వెంటనే చేయగలిగినది, సరైన పద్ధతిని మొదటి కామెంటుగా పెట్టి దాన్ని పైన నిలపడం. కామెంట్లు చదివే అలవాటు లేనివారికి అది కనబడదు కాబట్టి, తొలి పాఠాలైతే మళ్ళీ చేయడమే ఉత్తమం. చివరి పాఠాలకు అంత తొందర లేదు. అక్కడిదాకా వచ్చినవారు తమంతట తాము దారి వెతుక్కోగలరు.

ప్రశ్న: ఇంటర్మీడియట్ విద్యార్థుల కోసం పాఠాలు చేస్తున్నాను. అభిప్రాయాల కోసం గూగుల్ ఫారం పెట్టి పేరు, ఫోన్ నంబరు, కళాశాల వివరాలు తీసుకుని, అందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చుదామనుకుంటున్నాను. దీనిలో అభ్యంతరం ఏమైనా ఉందా? - ఒక అధ్యాపకురాలు, వరంగల్

సమాధానం: ఉంది. మీ విద్యార్థుల్లో చాలామందికి 18 ఏళ్ళు నిండి ఉండవు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం 18 ఏళ్ళలోపువారిని పిల్లలుగానే పరిగణించి, వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. చట్టం మాట పక్కన పెట్టినా, వాట్సాప్ గ్రూపులో ఆడపిల్లల నంబర్లు ముక్కూ మొహం తెలియని సభ్యులందరికీ కనబడతాయి. ఆ భయంతో వారు చేరరు, చేరినా నోరు విప్పరు. చివరికి మీ ప్రణాళిక గ్రూపులో ధైర్యంగా మాట్లాడే నలుగురు కుర్రాళ్ళ అవసరాల మీద నిలబడుతుంది.

పాఠం మెరుగుపరచడానికి పేరు, నంబరు అవసరం లేదు. ఏ పాఠం, ఎక్కడ ఆగారు, ఏ పరికరం, ఏం రాశారు, ఏం వచ్చింది అన్న ఈ ఐదు వివరాలు చాలు. ఫారంలో ఈమెయిలు చిరునామాలు సేకరించే అమరికను కూడా ఆపేయండి. జవాబు కావాలనుకునేవారి కోసం ప్రతి శనివారం, ఆ వారం వచ్చిన సందేహాలకు సమాధానాలను పాఠం కిందనే రాసి, ఏ పాఠంలో ఏం మార్చారో తేదీతో సహా పెట్టండి. తాను రాసిన సందేహం వల్ల ఒక పాఠం మారిందని చూసిన విద్యార్థిని తరువాతి ఫారంలో ఇంకాస్త వివరంగా రాస్తుంది. ఫోనులో మాట్లాడవలసిన అవసరం నిజంగా వస్తే, ఆ ఒక్కరి తల్లిదండ్రుల అనుమతితో వారి నంబరుకే మాట్లాడి, పని అయ్యాక ఆ నంబరును తీసేయండి.